నవ్వు రాని పేజీలు

పక్కవాటాలో మధ్యాహ్నం టీవీ పెడితే గోడ దాటి నవ్వులు వినిపిస్తాయి. ఎప్పుడో రికార్డు చేసి ప్రతి జోకు వెనకా అతికించిన నవ్వులవి. ఆ చప్పుడు చెవిన పడగానే నాకు విశ్వనాథంగారు గుర్తుకొస్తారు. ఆయన ఇరవయ్యేళ్ళు టీవీకి హాస్యం రాశారు, సొంతంగా తీశారు, కానీ ఒక్క నవ్వు కూడా అరువు తెచ్చుకోలేదు. "జనం వాళ్ళిళ్ళల్లో నవ్వాలండీ. మనమే నవ్వేసుకుంటే వాళ్ళకేం మిగుల్తాది?" అని ఛానెల్‌వాళ్ళతో తగువు పడేవారు.

కొత్తపేటలో ఆయన ఇల్లే ఆఫీసు, సగం షూటింగూ అక్కడే. నేను పి.గన్నవరం నుంచి బస్సులో వెళ్ళి ఆయన చెబుతుంటే రాసేదాన్ని. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్యను పిన్నిగారనీ పిలిచేదాన్ని. పేజీలు పూర్తయ్యాక బాబాయిగారు హాల్లో నిలబడి పైకి చదివేవారు. పిన్నిగారు వంటింట్లో పనసపొట్టు కొడుతూనో, బియ్యం ఏరుతూనో వినేవారు. అక్కణ్ణుంచి నవ్వు వినబడితే ఆ చోట ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవారు. టిక్కు పడని పేజీ చింపెయ్యడమే. ఒకరోజు వరసగా నాలుగు పేజీలకు లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు.

"ఏమేవ్, వింటున్నావా?"

"ఆయ్, వింటున్నానండీ. నా చెవులు బానే ఉన్నాయి, మీ పేజీలే బాలేవు."

ఆయన పడీ పడీ నవ్వి, ఆ నాలుగూ చింపేసి మళ్ళీ మొదలుపెట్టారు. అంత సంతోషంగా తప్పు ఒప్పుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పిన్నిగారు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. దినకర్మలు అయ్యాక బాబాయిగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇక నుంచి నువ్వు వంటింట్లో కూర్చుంటావా?" అన్నారు. కూర్చున్నాను. ఆయన చదివారు. నాకు నవ్వు రాలేదు. కాసేపు ఆగి, అదే మాట ఇంకాస్త గట్టిగా చదివారు. గోడకు అటువైపు ఆయన ఒక్కరూ పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తున్నారని తెలుసు. భరించలేక నవ్వేశాను. మర్నాడూ నవ్వాను. మా వైపు ఎదుటివాళ్ళ మాట నచ్చకపోయినా మొహమాటానికి ఆయ్ అనేస్తాం కదా, నా నవ్వూ అలాంటిదే. పేజీ చింపే చప్పుడు ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఏడు నెలలకు ఛానెల్ నుంచి ఫోనొచ్చింది. బాబాయిగారు కాగితాల కట్టతో వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు.

"సీరియలు ఆపేసేరమ్మా. చూసేవాళ్ళకి నవ్వు రావట్లేదంట. మరి ఇన్ని టిక్కులున్నాయేంటి?"

"మీరు బాధపడతారని, బాబాయిగారూ..." అన్నాను.

"పడేవాణ్ణే. పడి తిరగరాసేవాణ్ణి. నాకొచ్చిన పని అదొక్కటే కదమ్మా."

కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. నన్ను బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పి వెళ్ళారు. ఆయన చనిపోయేదాకా మళ్ళీ ఒక్క పేజీ రాయలేదు. చూడ్డానికి వెళ్తే కొబ్బరి రేటు గురించి, ఎండల గురించి మాట్లాడేవారు. భార్య పోయాక ఆయనకు కావలసింది నిజం చెప్పే మనిషి ఒక్కరే. ఆ చోట కూర్చుని నేను జాలిపడ్డాను. ఆ జాలి ఆయన్ని పిన్నిగారు పోయినప్పటికన్నా ఒంటరివాణ్ణి చేసింది.

ఇప్పుడు అమలాపురంలో నేనూ ఒక్కదాన్నే ఉంటున్నాను. కొత్తగా రాసేవాళ్ళు స్క్రిప్టులు తెచ్చి వినిపిస్తారు. నవ్వు వస్తే నవ్వుతాను. రాకపోతే రాలేదనే చెబుతాను. మొహాలు చిన్నబుచ్చుకుంటారు, కొందరు మళ్ళీ గుమ్మం తొక్కరు. వాళ్ళు వెళ్ళాక కాఫీ గ్లాసులు కడుగుతుంటే నవ్వేసి ఉండాల్సిందేమో, ఇంకో గంట కూర్చునేవాళ్ళేమో అనిపిస్తుంది. అయినా ఆ తరవాత వచ్చినవాళ్ళ దగ్గర కూడా రాని నవ్వు నవ్వను.