వాల్టర్ చేతికి పద్నాలుగు పౌన్లు

2007 ఏప్రిల్‌లో నేను అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఒక స్ప్రింగుల కంపెనీలో అప్లికేషన్ ఇంజనీరుగా ఉన్నాను. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లు ఇదే పని చేసి ఇక్కడికి వచ్చినవాణ్ని. కస్టమర్ తన యంత్రం సంగతి చెబితే ఎంత మందం తీగ, ఎన్ని చుట్లు, ఎంత బలం అన్నది తేల్చి డ్రాయింగు మీద సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక తప్పయితే నాది, ఒప్పయితే కంపెనీది.

ఆ నెలలో పాత సైనికుల సంఘం ఒకటి ఏడు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు రీకాయిల్ స్ప్రింగులు మార్చమంది. సైనికుడు చనిపోతే శ్మశానంలో మూడుసార్లు కాల్చి వందనం చేసే బృందం అది. అంతకు ముందు నెల ఒకరి అంత్యక్రియల్లో ఒక రైఫిల్ బోల్ట్, అంటే తూటా వెనక ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప దిమ్మ, సగంలో ఇరుక్కుపోయింది. ఆ రైఫిల్ పట్టుకున్నవాడు వాల్టర్, ఎనభై ఒక్క ఏళ్లు. బృందం కెప్టెన్ జిమ్ ఖరాకండిగా చెప్పేశాడట: స్ప్రింగులు మార్పిస్తాను, మే చివర్లో చనిపోయిన సైనికులను తలుచుకునే మెమోరియల్ డే నాడు మళ్లీ ఇరుక్కుంటే వాల్టర్‌కు రైఫిల్ ఉండదు, కుర్చీ ఉంటుంది.

పని చిన్నదే. గుండు పేలినప్పుడు బోల్ట్ వెనక్కి పోతుంది, ఖాళీ తూటా బయట పడుతుంది, స్ప్రింగు బోల్ట్‌ను ముందుకు తోసి కొత్త తూటాను లోపలికి పంపుతుంది. మరీ మెత్తనయితే బోల్ట్ పూర్తిగా మూసుకోదు. మరీ గట్టిదయితే పూర్తిగా వెనక్కి రాదు.

చిక్కల్లా నా వీసాతో వచ్చింది. నేను హెచ్-1 మీద ఉన్నాను, గ్రీన్ కార్డ్ ఫైలు నడుస్తోంది. ఆ వీసా మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకుంటే నేరమని మా కంపెనీ లాయర్ రెండు పేజీల ఉత్తరం రాశాడు. దాని ప్రకారం స్ప్రింగు రైఫిల్లో ఉన్నంతసేపు రైఫిలే, బయటికి తీశాక నేను ముట్టుకోవచ్చు. వేట లైసెన్సు తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదని చివర్లో ఒక సలహా కూడా. ఇంట్లో చెబితే మా ఆవిడ సులోచన, "బొద్దింకను చూసి కుర్చీ ఎక్కే మనిషికి వేట లైసెన్సా?" అంది. ఆ మాటతో ఆ దారి మూసుకుపోయింది.

అందుకని మా టెక్నీషియన్ రే, మా వర్క్‌షాపులో నేల మీద పసుపు టేపు అంటించాడు. అటు రైఫిలూ అతనూ, ఇటు నేను. అతను స్ప్రింగు బయటికి లాగి, "ఇప్పుడు ఇది తుపాకీ కాదు సార్" అని టేపు మీదుగా అందించేవాడు. కొలిచి తిరిగి ఇస్తే మళ్లీ తుపాకీ అయ్యేది. ఏడు రైఫిళ్లకూ ఇదే తంతు.

కొలతల్లో పాత స్ప్రింగులన్నీ బాగానే ఉన్నాయి. అక్కడే నేను ఆగాల్సింది. మార్చమన్నారు కదా, మార్చినట్టు తెలియాలి కదా అని, మామూలు కంటే గట్టి స్ప్రింగు ఎంచి సంతకం పెట్టాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రే ఒకసారి పెదవి విరిచాడు కానీ నేను పట్టించుకోలేదు.

మే మొదటి వారంలో సంఘం హాల్లో ట్రయల్. రే టేపు వెంట తెచ్చుకుని అక్కడా గీత గీశాడు. ఏడుగురూ వరుసగా నిలబడ్డారు. జిమ్ ఆజ్ఞ ఇచ్చాడు. అందరూ ఒక్కసారిగా కుడి చేత్తో బోల్ట్ హ్యాండిల్ పట్టుకుని లాగారు. ఒక్క బోల్టూ చివరిదాకా రాలేదు. ఒకాయన రైఫిల్‌ను తొడల మధ్య ఇరికించి రెండు చేతులా లాగాడు, టోపీ ఊడి నా వైపు పడింది. టోపీ తుపాకీ కాదు కనుక తీసి ఇచ్చాను.

చేత్తో ఎందుకు లాగుతున్నారని అప్పుడు అడిగాను. వందనంలో గుండు లేని ఉత్తుత్తి తూటాలు వాడతామనీ, వాటికి బోల్ట్‌ను నెట్టేంత బలం ఉండదనీ, ప్రతిసారీ చేత్తోనే లాగుతామనీ జిమ్ చెప్పాడు. ముందే చెప్పలేదేమంటే నువ్వు అడగలేదు అన్నాడు. అడగందే అమ్మయినా పెట్టదు, ఈయనెందుకు చెబుతాడు? నాకు సిగ్గేసింది. పేలుడు బలం మీద అంత లెక్క కట్టాను. అసలు బలం ఆ ముసలి చేతులది.

మర్నాడు మా ఇంట్లోంచి సామాన్లు తూచే కొక్కెం త్రాసు సంఘం హాలుకు పట్టుకెళ్లాను. ఇండియా వెళ్లేముందు సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటిందేమోనని ప్రతి తెలుగింట్లో ఎత్తి చూసేదే. దాన్ని తలుపు పిడికి తగిలించి ఒక్కొక్కరినీ ఒంటి చేత్తో లాగమన్నాను. అందరూ ఇరవై పౌన్లు దాటారు. వాల్టర్ మాత్రం చివర్లో లాగుతానని పక్కకు తప్పుకున్నాడు. మిగతావాళ్లు కాఫీకి వెళ్లాక వచ్చి లాగాడు. పద్నాలుగు.

పాత స్ప్రింగును పూర్తిగా లాగడానికి పదిహేడు కావాలి. ఆయనే అన్నాడు: "స్ప్రింగు తప్పేం లేదయ్యా. ఆ రోజు నా చెయ్యే మధ్యలో ఆగిపోయింది. శవపెట్టెలో ఉన్నది నా స్నేహితుడు. జిమ్ స్ప్రింగు పోయిందన్నాడు, నేను నోరు మూసుకున్నాను."

త్రాసు తీసి సంచీలో పెట్టుకున్నాను.

తర్వాత పది రోజులు పనికి తగ్గ పని చేశాను. రకరకాల స్ప్రింగులు చుట్టించి, రే చేత డమ్మీ తూటాలతో పరీక్ష చేయించాను. పన్నెండు పౌన్లకు తగ్గితే బోల్ట్ మూసుకోవడం లేదు. పద్నాలుగు దాటితే వాల్టర్ చెయ్యి చాలదు. పదమూడు దగ్గర ఆగాను. అందరూ రైఫిళ్లు మార్చుకుంటారు కాబట్టి ఏడింటికీ అదే. డ్రాయింగులో కారణం రాయాల్సిన చోట 'చేత్తో లాగే వాడకానికి తగ్గించడమైనది' అని రాశాను. అందులో అబద్ధం లేదు, ఎవరి పేరూ లేదు.

మెమోరియల్ డే నాడు నేను, సులోచన జనంలో నిలబడ్డాం. మూడు సార్లు కాల్చారు. కాల్చిన ప్రతిసారీ వాల్టర్ బోల్ట్ మిగతా ఆరింటితో కలిసి వెనక్కి వెళ్లి ముందుకొచ్చింది. అయిపోయాక జిమ్ నా దగ్గరికి వచ్చి, స్ప్రింగులు పోయాయని నేను ముందే చెప్పలేదా అన్నాడు. చెప్పారు సార్ అన్నాను. వెనకాల వాల్టర్ రైఫిల్‌ను గుడ్డతో తుడుచుకుంటున్నాడు, తలెత్తలేదు.

ఆ నెలాఖరున కస్టమర్లు నింపే మా ఎంక్వైరీ ఫారంలో నేను రెండు గడులు చేర్పించాను: 'స్ప్రింగును లాగేది ఎవరు?', 'వారి వయసెంత?'. వయసు అడగడం చట్టానికి కుదరదని లాయర్ మళ్లీ రెండు పేజీలు రాసి రెండోదాన్ని కొట్టేయించాడు. మొదటిది నేను రిటైరయ్యేదాకా ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసేవారు. అలా వచ్చిన ఏ ఫారానికీ, ఫోన్ చేసి అడగకుండా, నేను సంతకం పెట్టలేదు.