ఎడమ టైరు మొక్కు

కోయిలకుంట్ల మెకానిక్ దస్తగిరి కారు యజమానుల మాట నమ్మేవాడు కాదు. వాళ్లు మొదలుపెట్టగానే, "రోంత పక్కకు జరుగు, బండినే అడుగుదాం" అనేవాడు. యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. మనుషుల విషయంలో అబద్ధం అతనికి మంచినీళ్ల ప్రాయం. పెండ్లినాడు మామకు తన వయసు ఆరేళ్లు తగ్గించి చెప్పాడు. బండి విషయంలో మాత్రం చచ్చినా అబద్ధమాడడు.

పంతొమ్మిది వందల యాభై నాలుగులో ఓబుల్‌రెడ్డి ఇంటినుంచి అతనికి కబురొచ్చింది. రెడ్డిది యుద్ధానికి ముందు కొన్న కారు. రెండు నెలల కిందట ముందు చక్రాలకు కొత్త టైర్లు వేయించాడు. అంతలోనే ఎడమ టైరు బయటి అంచు అరిగి దారాలు తేలాయి. కుడిది చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది.

"కొత్త టైరు అమ్ముకోని పాతది తగిలించినాడు వీడు," అన్నాడు రెడ్డి, డ్రైవర్ లక్ష్మన్నను చూపిస్తూ. "దొంగతనమని తేలితే ఈ పొద్దే పంపించేస్తా."

రెడ్డి కోపం ఊరికంతా తెలుసు. ఆయన గొంతు లేస్తే అరుగు మీద కుక్క కూడా దిగిపోతుంది. లక్ష్మన్నకు పన్నెండేళ్లుగా ఈ కారు తప్ప వేరే బతుకు లేదు. దొంగ అని పేరు పడ్డ డ్రైవరుకు తాళాలు ఎవరిస్తారు? అయినా అతను తలొంచుకుని బానెట్ తుడుస్తూ నిలబడ్డాడు.

దస్తగిరి జాకీ ఎత్తి చక్రం ఊపి చూశాడు. కదలిక లేదు. వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగాడు. వంకర లేదు. గాలి సరిగ్గానే ఉంది. తర్వాత రెండు టైర్ల మీదా అరచెయ్యి రాసి, కుడి టైరు దగ్గర ఆగాడు. దానికీ కొద్దిగా అరుగుదల ఉంది, కాకపోతే లోపలి అంచున. అంటే రెండింటికీ ఎడమ అంచులే అరిగాయి.

"టైరు మార్చలేదు రెడ్డీ. రెండూ జతవే. బండి అదే పనిగా కుడిపక్కకే తిరుగుతాండాది, బరువంతా ఎడమ అంచుల మీద పడతాండాది."

"యాడ తిరుగుతాండాది? నేను ఎక్కినప్పుడు రెండు పక్కలా తిరుగుతాండాదే!"

"బండి అంతవరకే చెప్పింది."

రెడ్డి లక్ష్మన్న వైపు తిరిగాడు. "ఒరేయ్, నాకు తెలీకుండా యాడికి తోలుతాండావు? చెప్పు. లేకుంటే తాళాలు ఆడ పెట్టి పో."

లక్ష్మన్న తాళాలు బానెట్ మీద పెట్టి, తువ్వాలు దులుపుకొని బయల్దేరాడు.

"ఆగప్పా లక్ష్మన్నా!" లోపలినుంచి రెడ్డి భార్య కృష్ణవేణమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఆమెకు మోకాళ్లు సరిగా లేవు. భర్త వైపు తిరిగింది. "శనివారం నువ్వు పొలానికి పోతానే నేనే తోలించుకుంటాండా. ఆంజనేయసామికి నూట ఎనిమిది చుట్లు, పదకొండు వారాలు. నడవలేక గుడిచుట్టూ కార్లో తిరుగుతాండా. నీకు చెప్తే ఫలం రాదని వానితో ఒట్టు వేయించుకున్న్యా."

ప్రదక్షిణమంటే కుడికే తిరగాలి. దేవుడి చుట్టూ ఎడమకు తిరిగితే పాపం. దస్తగిరి టైరును మెచ్చుకోలుగా తట్టాడు.

"ఏం మొక్కు?" అన్నాడు రెడ్డి.

"నీ కోపం తగ్గల్లని." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎనిమిది వారాలైనాయి. చెప్పేస్తి కదా, ఇంగ పోయిందిలే."

రెడ్డి కేక కోసం అందరూ ఎదురుచూశారు. కుక్క ముందుజాగ్రత్తగా అరుగు దిగింది. ఆయన వంగి అరిగిన టైరును తడిమి, తాళాలు తీసి లక్ష్మన్న చేతిలో పెట్టాడు.

"దస్తగిరీ, ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చు. మూడు వారాలు వస్తాదా?"

"వస్తాది."

ఆ శనివారం రెడ్డి కూడా కారెక్కాడు. తొంభై ఆరో చుట్టులో కళ్లు తిరిగి, "లక్ష్మన్నా, రోంత నిదానంగా పోనీప్పా" అన్నాడట.

పన్నెండేళ్లుగా 'ఒరేయ్' తప్ప వినని లక్ష్మన్న అక్కడ లెక్క తప్పాడు. మళ్లీ ఒకటి నుంచి తిరగాల్సి వచ్చింది.