పండుగకు ముందరి మామిడికాయ

ఆ రోజుల్లో నాకు ఏ మాటకైనా అర్థం పుస్తకంలో దొరుకుతుందని గట్టి ధీమా. ఖమ్మం కాలేజీలో ‘సిద్ధాంతానికీ విశ్వాసానికీ తేడా’ మీద మాట్లాడేందుకు నా పేరు ఎవరో ఇచ్చేశారు. (నలుగురిలో దాహమేస్తోందని కూడా చెప్పలేని నా పేరు!) భద్రాచలం దవాఖానాలో నాయనమ్మ మంచం పక్కన కూర్చుని అదే బట్టీ పట్టేదాన్ని: సిద్ధాంతం ఆలోచించి ఒప్పుకునేది, విశ్వాసం అడక్కుండా నమ్మేది. నాయనమ్మ కళ్లు తెరిచి, "ఏందే, మంత్రాలు చదువుతున్నవా? నేనింకా పోలే," అనేది.

ఆమెకు ఏదీ సయించడం లేదు. మామిడికాయ ముక్క మాత్రం అడిగింది. డాక్టరు మా చిన్నాయనను పక్కకు పిలిచి, "ఏది అడిగితే అది పెట్టండి," అన్నాడు. ఆ మాటకు అర్థం వెతకడానికి పుస్తకం అక్కర్లేకపోయింది. చిన్నాయన పరుగున కాయ తెచ్చి, ఉప్పూకారం అద్ది నోటి దగ్గర పెడితే నాయనమ్మ మూతి తిప్పేసుకుంది. "కొత్త పండుగ కాలే గద బిడ్డా." మా అడవి పల్లెల్లో కొత్త మామిడి ముందు ఊరి దేవతకు పెట్టాలి, ఆ పండుగ అయ్యేదాకా ఎవరూ తినరు. మా ఇంట్లో సిద్ధాంతమంటే చిన్నాయనే. బడిపంతులు. ఏటా పండుగ నాడు అరుగెక్కి అదంతా దండగని ఉపన్యాసమిచ్చేవాడు. (వినేది నేనూ, కోళ్లూ.)

"చెట్టుకు పండుగ తెలుస్తదా అమ్మా?"

"చెట్టుకు తెల్వదు. నాకు తెలుసు గద."

చిన్నాయన నన్ను బండెక్కించుకుని ఊరికి పోయాడు. పెద్దల ముందు చేతులు కట్టుకుని, పండుగ వెంటనే చెయ్యమన్నాడు. పూజారి తాత బీడీ పక్కన పెట్టి, "ఏంది సారూ, బంద్ చెయ్యమంటివి, ఇప్పుడు జల్దీ చెయ్యమంటున్నవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "అమ్మ ఏం తింటలే తాతా," అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. "సరే, రేపు పొద్దుగాలనే. కోడిని మాత్రం నువ్వే పట్టుకరావాలె," అన్నాడు తాత. మర్నాడు మా సిద్ధాంతం, తప్పించుకున్న కోడి వెంట పాదుల్లో పడి పరుగెత్తడం ఊరంతా చూసింది.

నుదుట పసుపుతో, ప్యాంటు నిండా మట్టితో దవాఖానాకు వచ్చిన కొడుకును నాయనమ్మ ఎగాదిగా చూసింది.

"మొక్కినవా?"

"మొక్కిన."

"అబద్ధం. నీ మొకం నాకు తెల్వదా? అయినా పెట్టు. కోడి బాగా ఉరికిచ్చిందా?"

ఒక ముక్క నమిలి, కళ్లు చిట్లించి నవ్వింది. రెండోది పొద్దుగూకినాక తింటానని గిన్నె మూత పెట్టించింది. పొద్దు గూకింది. ముక్క అలాగే ఉండిపోయింది.

కాలేజీలో వేదికెక్కాక బట్టీ పట్టిన రెండు వాక్యాలూ చక్కగా గుర్తొచ్చాయి. చెప్పబుద్ధి కాక దిగిపోయాను. (భయపడ్డానని అందరూ అనుకున్నారు, అది నాకు అలవాటే.) చిన్నాయన ఇప్పటికీ అరుగెక్కుతాడు, పండుగ దండగనే అంటాడు. కానీ అది అయ్యేదాకా మామిడి ముట్టడు. అడిగితే, "తింటే నా పండ్లు పులుస్తయ్," అంటాడు. నేను మాత్రం ఏం తక్కువ? ఖమ్మంలో బండి మీద కొత్త కాయ కనిపిస్తే కొనేసి, పండుగ అయిందని ఊరి నుంచి వచ్చే ఫోన్ కోసం ఎదురుచూస్తుంటాను. ఈ ఏడాది కాయ అప్పుడే మెత్తబడుతోంది. ఫోన్ ఇంకా రాలేదు. కాయను చూస్తుంటే నవ్వొస్తోంది, కోయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.