మా ఆవిడ పుట్టింటి పుంజు

ఆ రోజుల్లో పెళ్ళి కుదిరాక అమ్మాయీ అబ్బాయీ ఫోనులో గంటలకొద్దీ మాట్లాడుకుని ఒకరి మనసొకరు తెలుసుకునే సదుపాయం మా మార్కాపురం దాకా ఇంకా సరిగా రాలేదు. సెల్‌ఫోన్లు వచ్చాయిగానీ, అవి ఎక్కువగా మిస్డ్ కాల్ ఇవ్వడానికే పనికొచ్చేవి. అంచేత కట్టుకున్న మనిషి మనసులో ఏముందో పెళ్ళయ్యాక ఎవరి తెలివితేటలతో వాళ్ళు కనిపెట్టుకోవలసిందే. ఆ తెలివి నాకు కావలసినదానికంటే కాస్త ఎక్కువే ఉందని నా నమ్మకం. మాది బస్టాండు రోడ్డులో పైపులు, బోరు మోటార్ల సామాను అమ్మే దుకాణం. దుకాణం మెట్లెక్కుతున్న రైతు మొహం చూసి, బోరులో నీళ్ళు పడ్డాయో లేదో నాయనకంటే ముందు నేనే చెప్పేసేవాణ్ణి. (నీళ్ళు పడ్డవాడు వస్తూనే పైపులు అడుగుతాడు, పడనివాడు తాగడానికి మంచినీళ్ళు అడుగుతాడు. ఇందులో పెద్ద విద్యేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.) ఊళ్ళో వాళ్ళ మొహాలే చదివేస్తున్నాను, ఇంట్లో మనిషి మనసు నాకో లెక్కా అనుకున్నాను.

మా ఆవిడది బేస్తవారిపేట పక్కన పల్లె. వర్షం మీద ఆధారపడ్డ చేలు, గొడ్లు, కోళ్ళు, ఇంటినిండా మనుషులు. దూరపు చుట్టరికంలో నేను బావ వరస అవుతాను కాబట్టి పెళ్ళిపందిట్లోనే 'బావా' అని పిలిచి, తలంబ్రాలు సగం నా కళ్ళల్లోనే పోసి, గలగలా నవ్విన పిల్ల. తీరా కాపురానికి వచ్చాక ఆ నవ్వు ఏమైందో తెలియదు. అడిగినదానికి 'ఊ', అడగనిదానికి అదీ లేదు. ఆషాఢం ముంచుకొస్తోంది. కొత్తకోడలు ఆ నెల పుట్టింట్లో ఉండాలి కదా. ఈలోగా ఈ పిల్ల నా ముందు ఒక్కసారైనా మనసారా నవ్వకపోతే, వెళ్ళిన మనిషి మళ్ళీ రావడానికి వెనకాడుతుందేమోనని నాకు లోపల ఒకటే బెంగ. సరుకు తీసుకునేవాడు అంగుళం పైపు అడిగితే రెండంగుళాల పైపు ఇచ్చి పంపుతున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

ఇక పుంజు సంగతి. మా ఆవిడను మొదటిసారి మా ఇంటికి పంపుతూ మా మామ కాళ్ళు కట్టేసిన ఓ ఎర్రటి పుంజును ఆమె చేతుల్లో పెట్టాడు. పుంజు కాదది, పహిల్వాను. మెడమీద ఈకలు ఎండలో రాగిలాగా మెరుస్తున్నాయి. బస్సులో ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దానివైపు వంగి, దారి పొడుగునా మెల్లగా ఏదో చెబుతూనే ఉంది. బస్సు రొదలో నాకు మాటలు వినపడలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం కనిపించాయి. చూశావా, పుట్టింటి గుర్తుగా ఈ నోరులేని జీవాన్ని వెంట తెచ్చుకుంటోంది, కష్టసుఖాలు దాంతో చెప్పుకుంటోంది అని నా గుండె కరిగిపోయింది. ఆ క్షణంలోనే లోపల ఒట్టు పెట్టుకున్నాను, నా ఒంట్లో ప్రాణం ఉండగా ఈ పుంజు మెడమీద కత్తి పడనివ్వనని.

ఆ ఆదివారమే అమ్మ కత్తి నూరించి పెట్టింది. "ఒరేయ్, ఆ పుంజును కోద్దామా? మీ అత్త మసాలా గూడా దంచి పొట్లం కట్టి పంపినాది" అంది. మసాలా కూడా వచ్చిందంటే మరొకడైతే కాస్త ఆలోచించేవాడు. నేను ఆలోచించలేదు. "అమ్మా, నీకు దండం పెడతా, ఆ పిల్ల ప్రాణమంతా దానిమీదనే ఉంది" అని అమ్మను వంటింట్లోకి తీసుకుపోయి చెవిలో చెప్పి, ఆ మసాలా పొట్లం మా ఆవిడ కంటపడితే ఎక్కడ బాధపడుతుందోనని బీరువా మీద పాత ట్రంకుపెట్టె వెనక దాచేశాను. అమ్మది దొనకొండ వైపు. వాళ్ళలో ఆడబిడ్డ వెంట అరిసెలు, లడ్లు పంపుతారేగానీ పుంజుల్ని పంపే పద్ధతి లేదు. అందువల్ల, "పోనీలే, పెంచుకుంటే పెంచుకోనీ" అని ఆమె కూడా ఊరుకుంది.

నా నమ్మకానికి రోజూ సాక్ష్యాలు దొరుకుతూనే ఉన్నాయి. పొద్దున లేస్తూనే మా ఆవిడ దానికి సజ్జలు చల్లేది. సాయంత్రం దాన్ని ఎత్తుకుని, రొమ్ము కింద చెయ్యి వేసి మెల్లగా నిమిరి, మావైపు ఓసారి చూసి, నిట్టూర్చి దింపేది. ఆదివారాలు మరీ దిగులుగా ఉండేది. ఆదివారం కదా, పుట్టిల్లు గుర్తొస్తోంది కాబోలు అనుకుని, ఆ రోజు నేనే స్వయంగా దానికి నానబెట్టిన శెనగలు పెట్టేవాణ్ణి. అది చూసి ఆమె ఇంకా దిగాలు పడిపోయేది.

ఆ పుంజుకు మాత్రం తన వైభవం బాగా తెలిసిపోయింది. తెల్లారకముందే మా పడకగది కిటికీ కింద నిలబడి వీధంతా లేచేట్టు కూసేది. పగలంతా దుకాణంలో పైపుల మధ్య పచార్లు చేస్తూ, వచ్చిన ప్రతివాడినీ పైనుంచి కిందికి చూసేది. అందుకని నాయన దానికి 'ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టాడు. ఓ రోజు అది ఆయన బొటనవేలినే పొడిచింది. "ఏంరా, ఈ దుకాణం నాదా, దీనిదా?" అని గుడ్డ కట్టుకున్న వేలు చూపించి అరిచాడు. "మెల్లగా నాయనా, లోపల ఆ పిల్ల వింటే బాధపడతాది" అన్నాను. నన్నూ అది ఎన్నిచోట్ల పొడిచిందో చెప్పుకోవడం మర్యాద కాదు. (కూర్చోవడానికి ఇబ్బంది పడ్డానని మాత్రం చెప్పగలను.) నిజం చెప్పాలంటే నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. ప్రేమ కోసం సహించడమంటే ఇదే కాబోలు అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.

ఆషాఢం ఇక రేపో ఎల్లుండో అనగా నాకో గొప్ప ఆలోచన తట్టింది. బజారుకెళ్ళి దూడల మెడలో కట్టే చిన్న మువ్వ ఒకటి తెచ్చి, నాలుగు పొడుపులు పొడిపించుకుని, దాని కాలికి ఎర్రదారంతో కట్టాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు ఘల్లు ఘల్లున నడిచి చూపించింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. భుజాలు కదలడం చూశాను. ఆనందబాష్పాలు! 'ఒరేయ్, సాధించావురా' అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మామ కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు, పళ్ళసంచీ, మొహం నిండా నవ్వు. బస్సు దిగి దుకాణం మెట్టు మీద కాలు పెట్టబోతుంటే లోపలినుంచి ఘల్లు ఘల్లుమంటూ ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చింది. మామ నవ్వు ఉన్నపళంగా ఆరిపోయింది. మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని, బయట పేర్చిన పైపుల మీద కూలబడ్డాడు. అమ్మ చెంబుతో మంచినీళ్ళు తెస్తే ముట్టలేదు. మావైపు వచ్చిన చుట్టం నీళ్ళు ముట్టలేదంటే సంగతి చాలా దూరం పోయిందని లెక్క.

"అదేంది మామా, బయటనే కూర్చుంటివి? లోపలికి రా" అన్నాను.

"వస్తాలే అల్లుడా. ముందు ఒక్క మాట చెప్పు. మా వల్ల ఏం తప్పు జరిగింది?"

"తప్పేంది మామా?"

"ఆడబిడ్డతో పంపిన పుంజును అల్లుడింట్లో కోసుకొని తిని, 'కోడి బాగుంది' అని కబురు పంపితేనే గదా మమ్మల్ని చుట్టాలుగా ఒప్పుకున్నట్టు? మా తాతలకాడి నుంచి మా ఇంట్లో అదే పద్ధతి. ఆ కబురు వచ్చిందాకా మా ఇంట్లో కోడి కోసేది లేదు." మామ భుజాన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పెండ్లయిన కాడినుంచి వంకాయే తింటాండా నాయనా. ఆదివారం గూడా వంకాయే."

కోడికూర లేకుండా ముద్ద దిగని మనిషని మామకు చుట్టుపక్కల పెద్ద పేరు. "అయ్యో మామా, మీమీద కోపంతో కాదు. మీ అమ్మాయికి దానిమీద ప్రాణం. అందుకనే కొయ్యనీలా" అన్నాను.

వెనకనుంచి, "నాకా?" అని వినిపించింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. కాపురానికి వచ్చాక అంత గట్టిగా ఆమె గొంతు వినడం అదే మొదలు. "నాకు దానిమీద ప్రాణమా? ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేంది? రోజూ సజ్జలు పెట్టి, ఎత్తుకొని నిమరతాంటివి గదా!"

"నిమిరినానా? బరువు చూసినా బావా! మా నాయన పంపిన పుంజు ఈడికొచ్చినాక చిక్కిపోయిందంటే ఎంత నామోషీ? ఈ ఆదివారం కోస్తారేమో, వచ్చే ఆదివారం కోస్తారేమో అని మేపినా."

"మరి బస్సులో దాంతో మాట్లాడి ఏడిస్తివి?"

"ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పొడస్తా ఉండె. నొప్పికి ఏడిస్తి, కోపానికి తిడితి!"

"నిన్న మువ్వ కట్టినప్పుడు సంతోషంతో..."

"సంతోషమా? కొయ్యాల్సిన కోడికి మువ్వ కట్టినాడే, మావాళ్ళను ఎగతాళి చేస్తాండాడే అని ఏడిస్తి. మా అమ్మ దంచిచ్చిన మసాలా గూడా బయట పారేస్తిరి!"

"పారెయ్యలా. చూస్తే నువ్వు బాధపడతావని దాచినా. అయినా కొయ్యమని ఒక్క మాట నాతో చెప్పొచ్చు గదా?"

"కొత్తకోడలు వచ్చీ రాంగానే కోడి కొయ్యండని నోరు తెరిచి అడగతాదా? తిండిపోతు పిల్లను తెచ్చుకున్నామని అత్త అనుకోదూ?"

అమ్మ చెంబు పట్టుకునే బుగ్గ నొక్కుకుంది. "నేను కత్తి నూరించి పెట్టిన ఆదివారం నుంచి అది అట్లనే ఉందమ్మా. వీడే అడ్డం పడె" అంది. నాయన కట్టుకట్టిన వేలితో ముందుకొచ్చి, "అయితే ఈ ఇంట్లో దీన్ని ఇష్టపడినోళ్ళు ఎవరూ లేరంటారా?" అని అడిగాడు. అందరం ఒక్కసారిగా ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాం. అది మెడ పక్కకు వంచి మమ్మల్ని ఒక్కొక్కరినీ తనిఖీ చేసింది.

అప్పుడు మా ఆవిడ నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, ఆ తర్వాత తలుపు పట్టుకుని, చివరికి తలుపు చాలక మెట్టు మీద కూర్చుని నవ్వింది. పెళ్ళిపందిట్లో విన్న నవ్వే. నేను ఎన్నాళ్ళుగానో పడిగాపులు కాసిన నవ్వు, నా తెలివితక్కువతనం మీదే పడి దొర్లుతోంది. అయినా ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నన్ను చూసి మామ, మామను చూసి నాయన, అందరం నవ్వులే.

ఆ నవ్వుల మధ్యే మామ తువ్వాలు నడుముకు బిగించి, "చెల్లెమ్మా, మసాలా బయటికి తియ్యి!" అని కేకపెట్టి పుంజు మీదికి దూకాడు. ఇక చూడాలి మా వీధి. ముందు మువ్వ చప్పుడుతో పుంజు, వెనక మామ, ఆయన వెనక కుంటుతూ నాయన, అందరికంటే వెనక చెరుకురసం బండికి తగులుకుని నేను. మా అరుపులకు టీకొట్టు దగ్గరి జనం సగం మంది మాకు, సగం మంది పుంజుకు దారి చూపించారు. అది బస్టాండు గోడ ఎక్కి, అక్కణ్ణుంచి కదలబోతున్న యర్రగొండపాలెం బస్సు టాపు మీదికి ఎగిరింది. కండక్టరు విజిల్ వేశాడు. మామ చొక్కా బొత్తాలు ఊడిపోయేలా కొంతదూరం పరుగెత్తి ఆగిపోయాడు. బస్సు మీద మూటల మధ్య నిలబడి, ఇన్‌స్పెక్టరు మమ్మల్ని చూస్తూ ఓ కూత కూసి, నల్లమల దిక్కుగా బదిలీ మీద వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అమ్మ బ్రాయిలర్ కోడి తెప్పించి, ట్రంకుపెట్టె వెనకనుంచి తీసిన ఆ మసాలాతోనే వండింది. మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "మెత్తగా పత్తి తిన్నట్టుందిగానీ, వంకాయ మాత్రం కాదు చెల్లెమ్మా" అన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో ఇంటికి ఫోను చేసి (మిస్డ్ కాల్ కాదు, అసలు కాలే), "ఏమే, కోడి బాగుందంట. సాయంత్రానికి మనింట్లో ఒకటి కొయ్" అని చెప్పాడు. అంతటితో మేం చుట్టాలమైపోయాం.

సాయంత్రం బస్సెక్కించడానికి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని మా ఆవిడ కాసేపు నా మోచేతిమీది గాట్లు చూసింది. "అన్నాళ్ళు అది పొడస్తా ఉంటే, నాకోసమని ఓర్చుకున్నావా బావా?" అని మెల్లగా అడిగింది. తలూపాను. మళ్ళీ నవ్వు మొదలైంది, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ. బస్సు కదులుతుంటే, "నాకేం కావాల్నో ఇంకెప్పుడూ నీ అంతట నువ్వు అనుకోవద్దు. నన్నే అడుగు. శ్రావణం రాంగానే వచ్చి తీస్కపో" అంది. ఆ ఆషాఢం ఎంత పొడుగ్గా ఉందో నాకే తెలుసు.

ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. కూర ఏదో, చీర రంగేదో, పిల్లల సంబంధాలేవో, అన్నీ అడుగుతూనే ఉన్నాను. ఈ మధ్య ఓ సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి ఆమె ఒక్కతే అరుగు మీద మాట్లాడకుండా కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది, కూర్చున్న తీరు మాత్రం ఆ కొత్తకోడలిదే. "ఏం కావాల?" అని అడిగాను. "ఇన్నేండ్లు కాపురం చేసినాక అది గూడా అడగాల్నా? మొహం చూస్తే తెలీదా?" అంది. ఎంతసేపు చూసినా ఏమీ తెలియలేదు. లోపలికి పోయి టీ పెట్టుకొచ్చాను. "టీ ఎవరు అడిగినారు బావా?" అంటూనే గ్లాసు అందుకుంది. ఆ వయసులోనైతే ఆమె గ్లాసు అందుకున్న తీరునుబట్టి ఓ పెద్ద సిద్ధాంతమే కట్టేవాణ్ణి. ఇప్పుడు పక్కన చోటు చేసుకుని కూర్చుని, చక్కెర సరిపోయిందా అని మాత్రం అడిగాను.