మూడు రిజిస్టర్డ్ ఉత్తరాలు, ఒక కార్డు

మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందినట్టు సంతకం పెట్టిన రసీదు కార్డులు మాత్రం మూడూ వెనక్కి వచ్చాయి. అంటే ఉత్తరం చేరింది, ఎవరో చేతిలోకి తీసుకున్నారు, తీసుకుని పక్కన పడేశారు. తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసినవాణ్ణి. చేరని ఉత్తరాన్ని క్షమించగలను. చేరిన ఉత్తరానికి జవాబివ్వని మనిషిని క్షమించడం నాకు చేతకాదు.

ఆ మనిషి మా డాక్టరుగారు. ఛత్రినాకలో మా సందు చివర ఇరవై ఏళ్లు దవాఖానా నడిపారు. పెద్దవయసులో వనపర్తి దగ్గర సొంతూరికి వెళ్లిపోతూ నన్నూ నా భార్యనూ కూర్చోబెట్టి, "ఫోన్ల నాకు మంచిగ వినపడదు. ఏమన్న ఉంటే ఉత్తరం రాయుండ్రి, జవాబిస్త" అన్నారు. నేను నమ్మాను.

ఆయన వెళ్లిన రెండో ఏడు నా భార్యకు జ్వరాలు పట్టుకున్నాయి. మూత్రంలో మంట, నడుము నొప్పి, దుప్పటి కప్పినా ఆగని వణుకు. వారం మందులు వాడితే తగ్గేది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. నాలుగోసారి వచ్చినప్పుడు పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీసి, ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని, ఇట్లాగే వస్తూ ఉంటే కిడ్నీ పాడవుతుందని చెప్పారు. "మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది సార్?" అని అడిగాను. "ఈ వయసులో వస్తాయి" అని ఆ కుర్ర డాక్టరు తల ఎత్తకుండా తర్వాతి చీటీ అందుకున్నాడు. ఆ రోజు మంగళవారం. టైము పదకొండున్నర. అతని చొక్కా రంగు కూడా చెప్పగలను.

అందుకే మా పాత డాక్టరుగారికి రాశాను. మామూలు కవరులో వేస్తే పెద్దమనిషిని తేలిక చేసినట్టుంటుందని రిజిస్టర్ చేయించాను. అందినట్టు సంతకం కూడా కావాలని అడిగాను. నా లెక్కలో ఒక ఉత్తరానికి అంతకు మించిన మర్యాద లేదు. మొదటిది నాలుగు పేజీలు. రెండోది ఆరు. మూడోది మొదటి రెండింటికీ జవాబు రానందుకు.

మూడో రసీదు కార్డు వచ్చిన రోజు మా ఆవిడ దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ దాన్ని చూసింది. ఆమె పదకొండేళ్లుగా చార్మినార్ దగ్గర ఒక గల్లీలో బట్టల దుకాణంలో పని చేస్తుంది. ఆడవాళ్లకు చీరలు విప్పి చూపించే పని.

"ఇగ బస్ జెయ్యి. మూడు రిజిస్ట్రీలు గొట్టినవ్. ఒక పోస్టుకార్డు నేను రాస్త" అంది.

"కార్డు అందరు చదువుతరే. మా ఆఫీసుల మేమే చదివేటోళ్లం."

"చదువనీ. జ్వరమొస్తుందని రాస్త గని దొంగతనం చేసినమని రాస్తనా?"

రెండు వాక్యాలు రాసింది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నది సారూ. ఏం చేయమంటరు? అంతే. ఎనిమిదో రోజున జవాబొచ్చింది. కవరు మీద ఆమె పేరుంది, నా పేరు లేదు. అది కూడా నేను మర్చిపోలేదు. ఆమె కళ్లద్దాలు తుడుచుకునేలోగా నేనే విప్పాను.

డాక్టరుగారికి అన్నదమ్ములతో ఇంటి వాటాల తగాదా నడుస్తోందట. ఏడాదిగా ఆ ఇంటికి రిజిస్టర్డ్ కవరు వచ్చిందంటే లాయరు నోటీసేనట. అల్లుడు సంతకం పెట్టి తీసుకోవడం, పెద్దాయన మనసు పాడవుతుందని విప్పకుండా బీరువాలో పెట్టడం. నా మూడు ఉత్తరాలూ ఆ నోటీసుల మధ్య ఉన్నాయి. మా ఆవిడ కార్డు చూశాక ఆయనకు అనుమానం వచ్చి బీరువా తీయించి, మూడూ ఒకే పూట చదివారట. ముప్పై నాలుగేళ్లు రిజిస్టర్డ్ కవర్లు చూసినవాణ్ణి. అవి అందుకునే ఇంట్లో జనం ఎట్లా బెదిరిపోతారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కింద ఇంకా రాశారు. "అమ్మా, మందులు సరైనవే ఇచ్చారు. కానీ మీ వారి పదిహేను పేజీల్లో ఎవరు ఎప్పుడు తల ఎత్తలేదో ఉంది, మీ రోజు ఎట్లా గడుస్తుందో లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్నిసార్లు నీళ్లు తాగుతారు? ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారు? మీరు చెప్పండి, ఆయన్ని రాయమనండి. ఆయన సొంతంగా ఏమీ కలపకూడదు."

నాకు కోపం వచ్చింది. అయినా కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

"ఎన్నిసార్లు తాగుతవ్?"

"పొద్దుగాల ఒక గిలాస. మల్ల ఇంటికొచ్చినంక."

"నడుమల?"

"నడుమల తాగ. తాగితే పోవాల్నాయె. గల్లీల యాడికి పోవాలె? ఆడోళ్లకు జాగ ఉందా?"

"పదకొండేండ్ల సంది గిట్లనేనా?"

"నేనొక్కదాన్నా ఏంది? దుకాన్లల్ల పనిచేసేటోళ్లం అందరం గిట్లనే. కొత్త పిల్ల పనిల చేరితే మొదటి దినమే చెప్తం, పొద్దున చాయ్ తాగి రాకమ్మా అని."

"నాకెందుకు చెప్పలే మరి?"

"నువ్వు అడిగినవా? చెప్తే సేటు మీదికి లొల్లికి పోతవ్. నా నౌకరి పోతది."

నేను డ్యూటీకి వెళ్లిన అన్నేళ్లూ నా సంచిలో నీళ్ల సీసా నింపి పెట్టింది ఈమే. నన్ను పట్టించుకోని వాళ్ల జాబితా నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆమె రాసుకుని ఉంటే ఆ జాబితాలో మొదటి పేరు నాదే అయ్యేది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, మామూలు కవరులో పోస్టు చేశాను. డాక్టరుగారు వెంటనే రాశారు. నీళ్లు ఎప్పుడెప్పుడు తాగాలో, ఎంతసేపటికి మించి ఆపుకోకూడదో, ఆసుపత్రి వాళ్లను ఏ పరీక్ష అడగాలో. ఉత్తరంలో మందులు రాయనని, దాన్ని అక్కడి డాక్టరుకే చూపించమని కూడా. చూపించాం. అదే కుర్ర డాక్టరు. ఈసారి తల ఎత్తాడు, మొత్తం చదివాడు, "ఇది నేనే అడగాల్సింది" అన్నాడు. ఆ మాటా గుర్తుపెట్టుకున్నాను. మంచి మాటలు కూడా నేను గుర్తుపెట్టుకుంటాను, అవి తక్కువగా దొరుకుతాయి, అంతే.

ఇప్పుడు ఆమె సీసా పట్టుకుని పనికి వెళ్తుంది. గల్లీ వెనక ఒక దర్జీ ఇంటి ఆవిడ రోజుకు మూడుసార్లు తలుపు తీస్తుంది. "ఆవో ఆపా, పూఛ్‌నా క్యా హై" అంటుందట, రా అక్కా, అడిగేదేముంది అని. ఐదు నెలలైంది, జ్వరం రాలేదు. మొన్న తీసిన స్కానింగులో కిడ్నీ బాగుంది. ఇది ఆ డాక్టరుగారి చలవ, ఆ దర్జీ ఇంటావిడ చలవ. నా జన్మలో ఒక మనిషిని మనస్ఫూర్తిగా క్షమించింది ఇదే మొదటిసారి. పైగా తప్పు ఆయనది కూడా కాదు.

డాక్టరుగారి ఉత్తరంలో చివరి మాట ఒకటుంది. "మీ వారికి జవాబివ్వని వాళ్లను వదిలిపెట్టే అలవాటు లేదు కదా. మిగతా ఆడవాళ్ల సంగతి ఆయనకు అప్పగించండి." మా ఆవిడ అప్పగించింది, సేటు పేరు ఎత్తకూడదన్న షరతు మీద.

ఆ గల్లీ దుకాణాల పైన వ్యాపారుల సంఘం గది ఉంది. దాని పక్కన శుభ్రమైన టాయిలెట్ ఉంది, తాళం ఉంది. తాళంచెవి సేట్లకే. రెండు అర్జీలు పెట్టాను. మొదటిదానికి కార్యదర్శి "చూద్దాం కాకా, మీటింగుల పెడ్తం" అన్నాడు. రెండోదానికి ఆ మాట కూడా లేదు. ఆ తర్వాత రెండు మీటింగులయ్యాయి. రెండుసార్లూ కింద మెట్ల దగ్గర నిలబడ్డాను, పక్కనుంచే దిగిపోయారు.

సంఘం సేట్లూ, ఇది మీకు నా మూడో అర్జీ. ఈ ఆదివారం మళ్లీ మీటింగు ఉంది, మళ్లీ వస్తాను. దర్జీ ఇంటి తలుపు ఒక్కరికి తెరుచుకుంటుంది, గల్లీ అందరికీ తెరుచుకోదు. మిగతా ఆడవాళ్లు ఈ రోజు కూడా గొంతెండబెట్టుకునే మీ చీరలు విప్పి చూపిస్తున్నారు. ఆ తాళంచెవి వాళ్లకు ఇస్తారా, ఇవ్వరా? నా మొహం చూసి జవాబు చెప్పండి.