బర్మా ప్రయాణానికి మేకపోతు సమ్మతి

దయ్యాలను నేను నమ్మను. ఈ మాట ముందే చెబుతున్నాను, ఇది చదివాక నన్ను ఆ జట్టులో కలపకండి. ఇరవై ఆరేళ్ళుగా తమిళనాడులో ధర్మపురి దగ్గర ఒక పశువుల ఆస్పత్రిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. దిష్టి తగిలి పాలు తగ్గాయని తోలుకొచ్చిన ఆవులకు పొదుగువాపు మందు వేసి పంపాను. గాలి సోకిందన్న గొర్రెలకు కడుపులో పురుగులు ఉన్నాయని చూపించాను. అలాంటి నేను ఒక మేకపోతు గురించి ఇలా రాయాల్సి వచ్చినందుకు నాకు ఒళ్ళు మండిపోతోంది.

మాది నల్లంపల్లి పక్కన చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నా చదవడం వచ్చినవాళ్ళం ఇద్దరమే, మా నాన్న, నేను. ఆయన ఈ అక్షరాలు నేర్చుకున్నది ఇక్కడ కాదు, బర్మాలో. మా తాత బియ్యం మిల్లులో కూలికి అక్కడికి వెళ్ళాడు. నాన్న, చిన్నాయన అక్కడే పుట్టి అక్కడి తెలుగు బడిలోనే చదువుకున్నారు. మనవాళ్ళు అక్కడ ఉండలేని రోజులు వచ్చినప్పుడు తాత అందరినీ ఓడ ఎక్కించాడు. చిన్నాయన మాత్రం ఎక్కలేదు. అక్కడి పిల్లను ఇష్టపడి ఉండిపోయాడు.

అప్పుడు నాన్నకు ఇరవై ఏళ్ళు, చిన్నాయనకు పదిహేడు. ఆ తర్వాత అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఉత్తరాలే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఆ ఉత్తరాల మీదే నా చేత అక్షరాలు దిద్దించాడు.

పోయిన కార్తీకంలో చిన్నాయన కూతురు లక్ష్మి ఫోన్ చేసింది. “నాయన లేవలేకుండా ఉండాడు అక్కా. పెదనాయన్ని ఒక్కసారి చూడాలంటాడు” అంది. నాన్నకు ఎనభై రెండు. ఆయన అన్న మాట ఒకటే, “పోదాం పాపా.” నాకు యాభై ఒకటి. ఆయనకు నేనింకా పాపనే.

ఆ దేశం సైన్యం చేతుల్లో ఉంది. కొన్నిచోట్ల కాల్పులు జరుగుతున్నాయి, ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోతాయి. భయం లేదని నేను అనను. అందుకే లక్ష్మిని గుచ్చి గుచ్చి అడిగాను. రంగూనులో దిగితే వాళ్ళ ఊరికి బస్సులో ఆరు గంటలు, ఆ దారిలో జనం తిరుగుతూనే ఉన్నారని చెప్పింది. వీసా తెచ్చుకున్నాను. ఒక సోమవారానికి చెన్నై నుంచి ఇద్దరికీ టికెట్లు తీశాను.

అంతే, ఊరంతా నాకు పెద్దవాళ్ళైపోయారు. ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి విదేశానికి పోవాలంటే ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. కారణం అన్న చోట ‘చిన్నాయనను చూడడానికి’ అని రాశాను. ఆ కాగితం చూసినాయన “ఇప్పుడు బర్మా ఎందుకమ్మా, సింగపూరు పోవచ్చు కదా” అన్నాడు. మా చిన్నాయన సింగపూరులో ఉంటే అక్కడికే పోతాను కదా స్వామీ! టికెట్లు ఇచ్చినతనూ అదే ధోరణి. అందరికంటే మా అన్న మరీ ఘోరం. తగలబడుతున్న వాహనాల వీడియోలు ఫోన్లో తెచ్చి నాన్న ముఖం ముందు పెట్టేవాడు. అవి ఏ దేశానివో ఆయనకూ తెలియదు. పటంలో బర్మా ఎక్కడుందో చూపించమంటే చూపించలేడు, ప్రమాదం ఎంతో మాత్రం తెలుసు.

చివరికి అన్న అన్నాడు, “నా మాట వద్దు, నీ మాట వద్దు. అమ్మను అడిగేద్దాం.”

మాలో ఒక వాడుక ఉంది. పెద్ద పని తలపెట్టినప్పుడు, అమ్మకు, అంటే మా ఇంటిదేవతకు, వదిలిన మేకపోతును వాకిట్లో నిలబెట్టి, తలమీద, వీపుమీద పసుపునీళ్ళు పోసి అడుగుతాం. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఆ పని ఆపేస్తారు. పెళ్ళిళ్ళకూ, బోరు వేసేదానికీ ఇలాగే అడిగారు. నాకు తెలిసి ఏ మేకా ఎప్పుడూ కాదనలేదు. ఎందుకు అంటుంది? చెవిలో నీళ్ళు పడితే విదిలించని మేక ఉండదు. మా ఆస్పత్రిలో పిడుదుల మందు చల్లితే పక్కన నిలబడినవాళ్ళ బట్టలన్నీ తడిసిపోతాయి.

అందుకే నేను సరే అన్నాను. ఐదు నిమిషాల్లో మేక ఒళ్ళు విదిలిస్తుంది, అన్న నోరు మూతపడుతుంది అనుకున్నాను. నమ్మకం లేనిదాన్ని నమ్మేవాళ్ళ ఆటలో దిగాను. ఆ తప్పు నాదే.

మంగళవారం పొద్దున అడిగాం. మార్గశిరం చలి, వత్తల్‌మలై కొండ మీద మంచు ఇంకా విడలేదు. ఆ చలికి నీళ్ళు పోయకపోయినా మేకలు వణకాలి. దగ్గరి బంధువులు పదిహేను మంది దాకా వచ్చారు, అందరూ మగవాళ్ళే. వదిన కంబైనల్లూరులో పుట్టింటికి వెళ్ళింది. వాకిట్లో ఆడదాన్ని నేనొక్కతినే. మా పూజారి మామ వేపమండతో నీళ్ళు చల్లి, “అన్న తమ్ముణ్ణి చూసేదానికి బర్మాకు పోతుండాడు తల్లీ, సమ్మతమేనా” అని అడిగాడు.

మేకపోతు కదల్లేదు.

ఒక చెంబు పోశారు. రెండో చెంబు నేరుగా చెవిలోకి పోశారు. గడ్డం నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మూడో చెంబు కూడా అయిపోయింది. అది నాలుగు కాళ్ళ మీద నిలబడి మా నాన్న వైపే చూస్తోంది. చెవి కూడా ఆడించలేదు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను అలాంటిది చూడలేదు.

పూజారి మామ చెంబు కింద పెట్టి, “ఇంట్లో తీట్టు ఉండాది. అమ్మ మొగం తిప్పుకునింది” అన్నాడు. తీట్టు అంటే మైల. చావైనా, పురుడైనా, నెలసరైనా మైల ఉన్న ఇంట్లో అమ్మను ఏమీ అడగకూడదు. మా ఇంట్లో చావు లేదు, పురుడు లేదు. కాబట్టి పదిహేను మంది మగవాళ్ళూ ఒక్కసారిగా తలలు తిప్పి నన్ను చూశారు.

“నువ్వేమన్నా దూరముండావా?” అని మా అన్న అందరి ముందూ అడిగాడు.

నాకు గర్భసంచి తీసేసి మూడేళ్ళయింది. ఆపరేషను రోజు నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది ఈ అన్నే. ఆ మాటే గట్టిగా చెప్పాను. ఎవరూ వినలేదు. ఎందుకైనా మంచిదని నన్ను వీధిలోకి పొమ్మన్నారు. సొంత ఇంటి ముందు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, దోషిలా నిలబడ్డాను. లోపల మళ్ళీ మూడు చెంబులు పోశారు. మేకపోతు అప్పుడూ కదల్లేదు. నావల్ల కాదని తేలింది కదా, ఒక్కరైనా పొరపాటైందమ్మా అన్నారా? లేదు. ఈ రోజుకీ అనలేదు.

వాళ్ళు వెళ్ళాక మేకపోతును నేనే పరీక్షించాను. జ్వరం లేదు. చెవుల్లో పుండు లేదు, పురుగు లేదు. మెడ, వెన్ను బాగున్నాయి. తుమ్మకాయలు పెడితే కరకరా నమిలింది.

అన్న మాత్రం తీర్పు చెప్పేశాడు, అమ్మ వద్దంది అని. రెండు పాస్‌పోర్టులూ తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాన్న గుమ్మంలో కూర్చుని, “అది వద్దనలేదురా. జవాబే చెప్పలేదు. రెండూ ఒకటి కాదు” అన్నాడు. నేను పోట్లాడాను, ఏడ్చాను, పోలీసుల దగ్గరికి పోతానని కూడా అన్నాను. పోలేదు. తోడబుట్టినవాడి మీద కంప్లైంటు ఇవ్వడానికి కాళ్ళు రాలేదు. లక్ష్మికి ఫోన్ చేస్తే కలవలేదు. సోమవారం వచ్చింది, మేము ఎక్కాల్సిన విమానం వెళ్ళింది. అది సురక్షితంగా దిగిందని కూడా చూశాను.

నాన్న పట్టు వదల్లేదు. రోజూ పొద్దున చొక్కా తొడుక్కుని, బట్టల సంచీ పక్కన పెట్టుకుని, కొట్టంలో ఆ మేకపోతు ఎదురుగా కూర్చునేవాడు. నీళ్ళు లేవు, పసుపు లేదు. “పోదామా?” అని అడిగేవాడు. కాసేపు చూసి లేచి వచ్చేవాడు. చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు. నాకు ఆయన మీద జాలి, మిగిలిన అందరి మీదా కోపం.

ఆ తర్వాతి గురువారం నేను డ్యూటీకి బయలుదేరుతూ కొట్టం దగ్గర ఆగాను. టైము ఎనిమిదిన్నర. ఇది కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే ఎనిమిదీ నలభైకి నా బస్సు, అది తప్పుతుందేమోనని అప్పుడే ఫోన్లో చూసుకున్నాను. నాన్న ఎప్పటిలాగే “పోదామా?” అన్నాడు.

మేకపోతు తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చెవులు టపటపా కొట్టుకున్నాయి. నేను వెళ్ళి దాని వీపు తడిమాను, చెవుల్లో వేలు పెట్టి చూశాను. ఎక్కడా తడి లేదు. ఈగ కూడా లేదు.

“సూసినావా పాపా! ఒప్పుకునింది. టికెట్టు తీయి” అని నాన్న అరిచాడు. ఆ వయసులో ఆయన అలా ఎగిరి నిలబడడం చూసి నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. అన్న బీరువా తాళం తీసి పాస్‌పోర్టులు తెచ్చి ఇచ్చాడు. ఆ రోజే మళ్ళీ టికెట్లు తీశాను.

మరుసటి రోజు సాయంత్రం ఐదు గంటలకు రంగూను నుంచి లక్ష్మి ఫోన్ చేసింది. చిన్నాయన పోయాడు. ఆ రోజు కాదు, ముందు రోజు కాదు. అంతకు ముందు వారం సోమవారం, పొద్దు మునిగే వేళ. అంటే మేము మేకపోతును అడిగిన మంగళవారానికి ముందు సాయంత్రం. వాళ్ళ ప్రాంతంలో ఫోన్లన్నీ ఆపేశారు. మన ఇంటి పద్ధతి ప్రకారం పదకొండో రోజు కర్మలన్నీ జరిపించి, మర్నాడు బస్సెక్కి రంగూను వచ్చి మాకు చెబుతోంది.

నాన్న ఏడవలేదు. వేళ్ళమీద రోజులు లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. “మైలలో అడిగినాం పాపా. మన ఇంట్లోనే సావు ఉండాది. మనకే తెలీదు” అన్నాడు. పదకొండో రోజు గురువారం. మేకపోతు ఒళ్ళు విదిలించిన గురువారం.

నేను అంత తొందరగా ఒప్పుకోలేదు. మైల వదిలి అందరూ తలస్నానాలు చేసింది ఎప్పుడని లక్ష్మిని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు తెలియదు. “తొమ్మిదిన్నరకు అక్కా. పురోహితునికి ఇంకో ఊళ్ళో పనుండాదని తొందర చేసినాడు” అంది. హమ్మయ్య అనుకున్నాను. గంట తేడా ఉంది, కాకతాళీయమే. ఆ గంటను పట్టుకుని రెండు రోజులు నిద్రపోయాను. మూడో రోజు కొత్త టికెట్టులో విమానం దిగే టైము చూస్తుంటే తెలిసింది, బర్మా గడియారం మనకంటే సరిగ్గా గంట ముందు ఉంటుంది.

ఆ తర్వాత ఆ మేకపోతు మీద నేనే నాలుగుసార్లు నీళ్ళు పోసి చూశాను. నాలుగుసార్లూ, మొదటి చుక్క పడగానే ఒళ్ళు విదిలించి నా చీరంతా తడిపింది. ఏ మేకైనా చేసే పనే.

అన్న ఇప్పుడు, “పోయింటే మాత్రం చూసేదేముండాది” అని ఊరంతా చెప్పుకుంటున్నాడు, అమ్మ మనల్ని కాపాడిందట. ఏం కాపాడింది? ఆ సోమవారం విమానం ఎక్కి ఉంటే మంగళవారానికి మేము చిన్నాయన ఇంట్లో ఉండేవాళ్ళం. గురువారం నాటికి నాన్న తమ్ముడికి తన చేత్తో నీళ్ళు వదిలేవాడు. దాన్ని పోగొట్టింది సైన్యం కాదు, బర్మా కాదు. మా వాకిట్లో నిలబడిన పదిహేను మంది. వాళ్ళ ఆటకు సరే అన్న నేను.

ఆ మేకపోతుకు ఏదో తెలిసిందని మాత్రం నేను చెప్పను. తెలిసి ఉంటే దాని మీద కూడా నాకు కోపమే. అంత తెలిసినదానికి మాకు అర్థమయ్యేలా చెప్పడం చేతకాలేదా? అన్ని రోజులు మా ముసలాయన్ను అలా ఎదురుగా కూర్చోబెట్టి, చూసేదానికి మనిషే లేనప్పుడు సరే అంటుందా? వైద్యం తెలిసినదాన్ని, దానికి కారణం వెతికాను. దొరకలేదు. ఇప్పటికీ లేదు.

వచ్చే ఆదివారం మా ప్రయాణం. ఈసారి ఎవరినీ అడగలేదు, మేకనూ అడగలేదు. అక్కడి పరిస్థితి అప్పటికంటే మెరుగు పడిందని కాదు. నాన్న పోదామన్నాడు, అంతే. తేదీ మారింది కాబట్టి ఆఫీసులో అనుమతికి కొత్త కాగితం నింపాల్సి వచ్చింది. కారణం అన్న చోట చాలాసేపు పెన్ను ఆగిపోయింది. పక్కన కూర్చున్న నాన్న ఏం రాయాలని అడిగాను.

“ముందు రాసిందే రాయి” అన్నాడు.

చిన్నాయనను చూడడానికి, అని రాశాను.