అడుగు గెల కల్లు

ఈ ఉదయం పార్వతీపురం అవతల, కొండమీద ఉండే మా మేనమామ నాకు జీలుగు కల్లు రుచి చూపించాడు. ఏటా చలికాలంలో తొలి కల్లు దించిన రోజున ఏ చెట్టుది బాగుందో వచ్చిన చుట్టాల చేత చెప్పించడం ఆయనకు అలవాటు. ఈసారి రెండు చెట్లవి రెండు అడ్డాకు డొప్పల్లో పోసి నా ముందు పెట్టాడు.

మొదటిది తాగి, "తేటగా ఉన్నాది మావా, తేనె కలిపినట్టు," అన్నాను. రెండోది తాగాక, మొన్న క్లాసులో నేర్చుకున్న మాట నోటికొచ్చింది. "ఇది మాత్రం నిస్సారం," అన్నాను గొప్పగా.

మామ డొప్పకేసి చూశాడు.

"అది మీ అత్త నాటిన సెట్టురా అల్లుడా. జీలుగు పైనుంచి కిందకి గెలలేస్తాది. ఇది అడుగు గెల కల్లు, ఆకరిది. ఈ గెలయిపోతే సెట్టు సచ్చిపోతాది."

అత్త పోయి ఏడాదైనా కాలేదు.

"తెలీక అనేశాను మావా."

"నిజమే అన్నావులే. సప్పగానే ఉన్నాది. పొద్దున్న నానూ తాగినాను. సదువుకున్నోడివి, ఇంకోలా సెప్తావేటో అనుకున్నాను."

తర్వాత మొదటి చెట్టు కల్లు వచ్చిన చుట్టాలందరికీ పంచేసి, అత్త చెట్టు కుండ ముందు తనొక్కడే కూర్చున్నాడు.

తిరుగు బస్సులో దారంతా వెతికాను. అబద్ధం కాకుండా, మామ మనసు నొప్పించకుండా ఆ రుచికి సరిపడే మాట ఒక్కటీ దొరకలేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.